పేరు ఎక్కడ దాచాలి

మా నాచారం కాలనీ వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్ పూలకంటే ముందే ఎవరిదో ఒకరి ల్యాబ్ రిపోర్టు వచ్చి పడుతుంది. పేరు, వయసు, ఫోన్ నంబరు, కింద కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ అంకె. "ఇది ఎక్కువేనా అన్నా?" అని ఒక ప్రశ్న. జవాబులకు కొదవేముంది! ఈఎస్ఐ ఆసుపత్రికి ఏ కాగితాలు పట్టుకెళ్లాలో, డయాలసిస్ అయిన రోజు ఇంటికొచ్చాక నీరసం ఎలా ఉంటుందో చెప్పేవాళ్లను నేను నెత్తిన పెట్టుకుంటాను. అవి అనుభవించినవాళ్లకే తెలిసే సంగతులు. "మా ఆయనకు ఇది వేశాకే తగ్గింది" అని గోలీల స్ట్రిప్ ఫొటో పెట్టేవాళ్లంటేనే నాకు హడల్.

జబ్బు సంగతి ఇలా నలుగురి ముందు పెట్టడమే పద్ధతిగా చేస్తే ఎలా ఉంటుందో నార్కట్‌పల్లి చూపించింది. అక్కడి కామినేని వైద్య కళాశాలలో మెడిసిన్ ప్రొఫెసర్‌గా రాకేశ్ బిశ్వాస్ తన విద్యార్థుల చేత రోగుల కథలు రాయించారు. రోగి ఒప్పుకున్నాకే, ఆనవాళ్లన్నీ తీసేశాకే ఆన్‌లైన్లో పెట్టడం. జబ్బు ఎప్పుడు మొదలైంది, అంతకుముందు ఆ మనిషి పొద్దున లేచి ఏం చేసేవాడు, ఏం తినేవాడు, ఇప్పుడు ఏ పని చేయలేకపోతున్నాడు... రిపోర్టులు ఆ తర్వాతే. దాని మీద విద్యార్థులూ డాక్టర్లూ ఎక్కడెక్కడి నుంచో చర్చించేవారు. మా గ్రూపులో అంకె ఉంటుంది, మనిషి ఉండడు. విచిత్రంగా, పేరు మాత్రం ఉంటుంది.

నలుగురిలో పెట్టేటప్పుడు పేరు దాచాలి; డాక్టరు దగ్గర మళ్లీ దీనికి తలకిందులు, పేరు చెప్పాలి. 2020 మార్చి 25న కేంద్రం తెచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం వాట్సాప్‌లోనూ వైద్యం చేయొచ్చు కానీ, రోగి ఎవరో డాక్టరుకూ డాక్టరెవరో రోగికీ తెలిసి తీరాలి. ప్రిస్క్రిప్షన్ మీద డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. మనవాళ్లేమో తెలిసిన డాక్టరుకు "మా ఫ్రెండుకు ఒక ప్రాబ్లం సార్" అని మెసేజ్ పెడతారు! వందమంది ఉన్న గ్రూపులో లేని మొహమాటం అక్కడ పుట్టుకొస్తుంది.

అందుకే ఈమధ్య ఎవరు రిపోర్టు పెట్టినా, పేరు కనపడకుండా మళ్లీ ఫొటో తీయమంటున్నాను. ఎన్నాళ్లనుంచి, ఏ గోలీ ఏ పూట, తిండికి ముందా తర్వాతా, కాళ్లు వాస్తున్నాయా అని నాలుగు ముక్కలు రాయమంటున్నాను. "అంత రాసే ఓపికుంటే డాక్టరు దగ్గరికే పోతాం కదా" అని ఉప్పల్ నుంచి ఒకాయన విసుక్కున్నాడు. మంచిదే. ఆ నాలుగు ముక్కలూ ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకుపొమ్మన్నాను.