‘జీవావరణ సేవ’ : ఒక పదవిమర్శ

ఆధునిక శాస్త్రములనుండి మన భాషకు వచ్చిన నూతన పదములలో ‘జీవావరణ సేవలు’ అనునది యొకటి. అడవి, నది, మడ, చెఱువు మానవునకు కల్పించు ప్రయోజనముల కది పేరు. 1997లో కోస్టాంజా మొదలగు పరిశోధకులు భూమండలమున ఇట్టి ప్రయోజనముల విలువ ఏటికి సగటున 33 లక్షల కోట్ల డాలర్లని అంచనా వేసిరి. 2005లో వెలువడిన సహస్రాబ్ది జీవావరణ సమీక్ష వీనిని సమకూర్చునవి, క్రమబద్ధము చేయునవి, సాంస్కృతికములు, ఆధారభూతములు అని నాలుగు తెగలుగా విభజించినది. ప్రకృతిని అర్థము చేసికొనుటకు ఈ భావన ఎంతవరకు ఉపకరించునో గోదావరీమండలమునందలి ఉదాహరణములతో పరిశీలింపదలచితిమి.

మొదట దీని గుణమును చెప్పవలెను. గోదావరి సముద్రమున కలియు ప్రాంతమున కోరంగి మడ అడవులున్నవి. వంటచెఱకునో, రొయ్యల చెఱువులకు స్థలమునో వెదకువానికి అవి వట్టి బీడు. తుపాను అలల ఉద్ధృతిని తగ్గించుట, చేపపిల్లలకును రొయ్యపిల్లలకును నెలవగుట పద్దున కెక్కినప్పుడు ఆ అడవి విలువ పాలకులకు బోధపడును. లెక్కలో లేనిది సున్నగా పరిగణింపబడు కాలమున ఇది స్వల్పమైన మేలు కాదు.

అయినను లెక్క మన యెఱుకను దాటి పోజాలదు. 1852లో పూర్తియైన ధవళేశ్వరపు ఆనకట్ట డెల్టాకు సాగునీరిచ్చినది. ఆ విలువను కొలువవచ్చును. పైభాగమున గోదావరిపైనను, ఉపనదులపైనను వెలసిన జలాశయములు ఒండ్రును పట్టి నిలుపగా, డెల్టా తీరము కోతపడుట తరువాతగాని తెలియలేదు. ఎఱిగిన ప్రయోజనము ముందే పద్దున కెక్కును. ఎఱుగనిది పోయిన పిదప ఎక్కును.

ఇంతకంటె మౌలికమైన చిక్కు కోరుకొండలో కనబడును. కొండపై లక్ష్మీనరసింహస్వామి వెలసియున్నాడు. ఫాల్గుణమాసమున తీర్థము జరుగును. పై విభాగము ననుసరించి ఇది ‘సాంస్కృతిక సేవ’. కాని మన వాడుకలో సేవించువాడు భక్తుడు, సేవింపబడువాడు దైవము. మెట్లెక్కు యాత్రికుడు సేవ చేయుటకు పోవుచున్నాడు. నూతన పదము కొండను సేవకునిగను, యాత్రికుని యజమానునిగను చేసినది. ఇది కేవల పదచమత్కారము కాదు. సేవకుని మార్చవచ్చును, చౌకగా వేఱొకడు దొరికినచో మాన్పింపవచ్చును. కొండను కంకరగా అమ్మిన వచ్చు ధనము దర్శనపు విలువకంటె అధికమని తేలినచో, ఈ వాదమున కొండకు రక్ష యేది?

దోషము అనువాదమునదే కాని భావనది కాదని కొందఱు అనవచ్చును. మూలపదమునందును యజమాన సేవక సంబంధమే కలదు. అందుచేతనే కాబోలు, 2018లో కొందఱు అంతర్జాతీయ పండితులు ‘ప్రకృతి మానవులకు చేయు దోహదములు’ అను పేరును ముందుకు తెచ్చిరి. మేము ‘ఉపకారము’ అను మాటను సూచింతుము. సేవకు జీతమిచ్చిన ఋణము తీరును. ఉపకారము ప్రత్యుపకారమును కోరును.

‘కోరు’ అను పదమునకు పంటలో భాగమను అర్థము కలదు. ఊరి పేరునకును దీనికిని సంబంధము కల్పించుట మా ఉద్దేశము కాదు. జీవావరణ సేవలన్నవి మానవుని కోరు మాత్రమే. తన కోరు ఎంతయో రైతు కొలుచుకొనవలసినదే. కోరును కొలిచి పొలమును తెలిసికొంటిననుట మాత్రము పొరపాటు.