సమాఖ్య పాఠంలో ఐదో షెడ్యూలు ఏదీ?

సమాఖ్య ప్రభుత్వం అనగానే బడిలో మూడు జాబితాలు చెబుతాం. రక్షణ, కరెన్సీ కేంద్రానివి. పోలీసు, భూమి రాష్ట్రానివి. విద్య, అడవులు ఉమ్మడివి. లిఖిత రాజ్యాంగం, అధికారాల విభజన, తగవు తీర్చే స్వతంత్ర న్యాయస్థానం సమాఖ్య లక్షణాలని రాయిస్తాం. పిల్లలు అప్పజెబుతారు, మార్కులు వస్తాయి. ఇందులో తప్పేమీ లేదు. కానీ పాడేరులోనో, ఉట్నూరులోనో, ఏటూరునాగారంలోనో చదివే పిల్లకు ఇది సగం పాఠమే.

మిగతా సగం ఐదో షెడ్యూలులో ఉంది. పార్లమెంటు చట్టమైనా, శాసనసభ చట్టమైనా షెడ్యూల్డ్ ప్రాంతానికి వర్తించదని, లేదా మార్పులతోనే వర్తిస్తుందని గవర్నరు ప్రకటించవచ్చు. మన భూమి చేతులు మారకుండా ప్రత్యేక రెగ్యులేషన్ చేయవచ్చు. దానికి ముందు గిరిజన సలహా మండలిని సంప్రదించాలి, ఆపై రాష్ట్రపతి ఆమోదం పొందాలి.

మన పెద్దలు ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అనే చట్టం ఇలా పుట్టిందే. 1959 నాటి రెగ్యులేషన్‌ను 1970లో సవరించి, ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి వెళ్లకుండా కట్టడి చేశారు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. షెడ్యూల్డ్ ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు గనుల లీజుకు ఇవ్వరాదంది. ప్రభుత్వం కన్నా రాజ్యాంగం పెద్దదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏ పుస్తకంలో దొరుకుతుంది? దీన్ని వదిలేసి పాఠం చెప్పడమే మా మొదటి అభ్యంతరం.

రెండో అభ్యంతరం ఏర్పాటు మీదే. తాళంచెవి గూడెంలో లేదు, రాజ్‌భవన్‌లో ఉంది. సలహా మండలి సలహా ఇస్తుంది, అంతే. గవర్నరు ఏటా రాష్ట్రపతికి నివేదిక పంపాలని ఉంది గానీ, దాన్ని మనకు చదివి వినిపించాలని లేదు. 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు కొంత అధికారం తెచ్చింది. చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై హక్కు ఇచ్చింది. భూసేకరణకు ముందు మాత్రం ‘సంప్రదించాలి’ అని ఆగిపోయింది. సంప్రదించడం వేరు, సమ్మతి తీసుకోవడం వేరు. ఈ తేడా తెలియనివారి చేత సంతకం పెట్టించుకోవడం తేలిక.

మూడో నంబరు జీవో సంగతి ఉపాధ్యాయులందరికీ తెలుసు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లోని టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో ఇచ్చిన ఆ ఉత్తర్వును 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టివేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ సమానత్వ సూత్రానికి విరుద్ధమని, గవర్నరు అధికారం ప్రాథమిక హక్కులకు లోబడే ఉంటుందని చెప్పింది. కోయ, కువి, సవర మాట్లాడే పిల్లకు తన భాష తెలిసిన పంతులు దొరకడం కూడా సమానత్వమేనని మనం అంటాం. కానీ అలా అంటే సరిపోదు. జీవో బలమెంత, రెగ్యులేషన్ బలమెంత, ప్రాథమిక హక్కుల హద్దు ఎక్కడ అన్నది తెలిసినవాళ్లే ఆ మాటను కోర్టులో నిలబెట్టగలరు.

అందుకే ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. నల్లబల్ల మీద మూడు జాబితాలు రాసిన రోజునే, పక్కన ఐదో షెడ్యూలు కూడా రాయండి. మన ఊరు షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉందా లేదా, గ్రామసభ ఆఖరిసారి ఎప్పుడు కూర్చుంది, తీర్మానం పుస్తకం ఎవరి దగ్గర ఉంది అని పిల్లలనే కనుక్కుని రమ్మనండి. వాళ్లు తెచ్చే జవాబులతో మర్నాటి పాఠం మొదలుపెడదాం.