చాకిరీకి సున్నా

“మీకేం కావాలి?” అని అడిగింది మా అమ్మాయి. బల్ల చుట్టూ కూర్చున్న నలుగురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అందరం యాభై దాటిన ఆడవాళ్ళం, కాలేజీల్లో పాఠాలు చెప్పినవాళ్ళం. జవాబు మాత్రం ఒక్కరికీ రాలేదు.

ఆ ఆట పేరు ‘బ్లేడ్స్ ఇన్ ది డార్క్’. జాన్ హార్పర్ రూపొందించిన ఈ రోల్‌ప్లే ఆట 2017లో పుస్తకంగా వచ్చింది. మాటలు, కాగితాలు, ఆరు ముఖాల పాచికలు ఉంటే చాలు. సూర్యుడు పగిలిపోయి చీకటి కమ్మిన డోస్క్‌వోల్ నగరంలో ఆడేవాళ్ళంతా ఒక దొంగల ముఠా. గేమ్ మాస్టర్ ఆ నగరాన్ని, శత్రువుల్ని నడుపుతుంది. అంతేగాని ముందే రాసుకున్న కథలోకి మనల్ని తోయదు. ఎవర్ని దోచాలో, ఎందుకు దోచాలో ముఠాయే తేల్చుకోవాలి.

నాకు నచ్చిందీ, నన్ను ఇబ్బంది పెట్టిందీ ఇదే. ఎవరో తెచ్చిపెట్టిన కష్టంలోంచి బయటపడే కథలు మనకు బాగా వచ్చు. మన కోరికతో మొదలయ్యే కథ దగ్గరే తడబడతాం. మాకు తట్టిన మొదటి ఆలోచన ఏమిటనుకున్నారు? ఒక ప్రభువు కూతుర్ని ఎత్తుకొచ్చి డబ్బు గుంజడం! ఏళ్ళ తరబడి స్త్రీవాద విమర్శ బోధించిన మేమే ఆడపిల్లని దోపిడీ సొత్తు చేశాం. పగ్గాలు చేతికొచ్చినంత మాత్రాన పాత దారులు చెరిగిపోవు. “ఆ పిల్లకేం కావాలి?” అని ఒక స్నేహితురాలు అడిగాక గాని కథ మలుపు తిరగలేదు. ఇప్పుడు మమ్మల్ని పిలిపించింది ఆ పిల్లే. తండ్రి ఇనప్పెట్టెలో దాచిన తల్లి వీలునామా ఆమెకు కావాలి.

అసలు గొడవ దోపిడీ మధ్యలో వచ్చింది. ఈ ఆటలో గంటల తరబడి ముందు పథకాలు వెయ్యక్కర్లేదు. అవసరం పడినప్పుడు “ఇది నేను ముందే ఏర్పాటు చేశాను” అని ఫ్లాష్‌బ్యాక్ చెప్పుకోవచ్చు. దానికి స్ట్రెస్ రూపంలో ఖరీదు కట్టాలి. తేలికైన ఏర్పాటుకి సున్నా, కాస్త క్లిష్టమైతే ఒకటి, మరీ చిక్కుదైతే రెండు, ఆపైన. తొమ్మిది గడులు నిండితే మనసుకో గాయం. నాలుగో గాయంతో ఆ పాత్ర దొంగ జీవితం ముగుస్తుంది.

మా స్నేహితురాలు అంది: “ఆర్నెల్లుగా ఆ ఇంట్లో బట్టలుతుకుతున్నాను. సబ్బు ముక్క మీద తాళంచెవి అచ్చు తీసుకున్నాను.” మా అమ్మాయి నియమం చూసి, “పనిమనిషిని ఎవరూ గమనించరు కదా, తేలికే. సున్నా” అంది.

నియమం ప్రకారం సబబే. నా మనసు మాత్రం చివుక్కుమంది. ఆర్నెల్ల చాకిరీ సున్నా ఎలా అయింది? ఆ నియమం అవకాశం ఎంత తేలికగా దొరికిందో కొలుస్తుంది, ఒళ్ళు ఎంత అరిగిందో కొలవదు. మన ఇళ్ళలోనూ, సాహిత్య చరిత్రల్లోనూ వాడిన తూకం కూడా అదే.

ఇంకోచోట ఈ ఆట మనకన్నా తెలివైంది. స్ట్రెస్ దించుకోవడానికి ప్రతి పాత్రకీ ఒక వ్యసనం ఉంటుంది. జూదం, విలాసం, మత్తు ఉన్న ఆ జాబితాలోనే ‘బాధ్యత’ కూడా ఉంది. అంటే కుటుంబానికో ఆశయానికో అంకితమైపోవడం. చదివి నవ్వుకున్నాం, ఆ తర్వాత నవ్వలేకపోయాం. వదల్లేనిదాన్ని వ్యసనమనడం నిజాయితీయే. కానీ దానివల్ల భారం దిగుతుందట! ఇల్లు చేరాక భారం దిగేదెవరికి, ఎక్కేదెవరికి?

ఆడవాళ్ళని ముఠా నాయకురాళ్ళని చేసినందువల్ల ఈ ఆట గొప్పదైపోలేదు. నవలలో ఏ పనికెంత విలువో రచయిత కథలోపల దాచేస్తాడు. ఇక్కడ అది అంకెగా బల్లమీద ఉంటుంది కాబట్టి పోట్లాడొచ్చు. మేం అరగంట పోట్లాడాం. ఖరీదు నిర్ణయించేది గేమ్ మాస్టరే. చివరికి మా అమ్మాయి ఒక గడి నింపమంది. “ఒకటేనా?” అంది స్నేహితురాలు, పెన్సిల్ తీసుకుంటూ.