హీరో రాలేదండి ఇంకా

మంగళవారం పొద్దున్న రాయవరం సెంటర్లో టీ తాగుతుంటే కోపం వచ్చింది. కొట్టు కుర్రాడు ఫోన్లో ‘సాక్షి’ చూస్తున్నాడు. ఈ వయసు పిల్లాడు బాపు గారి మొదటి సినిమా పెట్టుకున్నాడే అని ముచ్చటపడి పక్కన చేరాను. అర నిమిషం కాలేదు, బొమ్మని వేలితో ముందుకు జరిపేశాడు. కాసేపటికి మళ్లీ జరిపాడు.

“ఎందుకురా అలా జరిపేస్తున్నావు?” అన్నాను.

“ఆయ్, హీరో రాలేదండి ఇంకా. ఎవరో పెద్దాయన మాట్లాడుతున్నారండి.”

ఆ పెద్దాయనకి అప్పటికి పాతికేళ్లు నిండలేదు. 1942లో పుట్టిన రంగావఝుల రంగారావు ఆయన. కరణం వేషం. 1967లో ఆ సినిమా వచ్చాక దాని పేరే ఆయన ఇంటిపేరైపోయింది, సాక్షి రంగారావు అని.

ఆ సినిమా తీసింది ఎక్కడో కాదు, మన పులిదిండిలో. జొన్నాడ దగ్గర గౌతమి దాటి, రావులపాలెం నించి ఆత్రేయపురం వైపు తిరిగితే వస్తుంది. బల్లకట్టు నడుపుకునే కిష్టప్ప, అంటే హీరో కృష్ణ, ఒక హత్య చూసి కోర్టులో సాక్ష్యం చెబుతాడు. చెప్పమని వెన్నుతట్టిన ఊరే, హంతకుడు పగబట్టి వస్తున్నాడనగానే తలుపులు బిగించుకుంటుంది. ముళ్లపూడి వారు రాసిన ఆ కథలో గుండెకాయ అదే. ఆ ఊరి పిరికితనం కృష్ణ ముఖంలో కనబడదు. కరణం ముఖంలో, మునసబు ముఖంలో, అరుగుల మీద కూర్చున్న వాళ్ల ముఖాల్లో కనబడాలి. వాళ్లని జరిపేస్తే మిగిలేది ఒక మంచివాడూ, ఒక చెడ్డవాడూ, నాలుగు పాటలు.

ఈ శీర్షిక చదివేవాళ్లకి నా పాత వాదం తెలుసు. నటుడికి నాటకమే బడి, సినిమా కూలి దొరికే చోటు, టీవీ ఆ తర్వాత ఎప్పుడో అని ఎన్నోసార్లు రాశాను. రాసిన ప్రతిసారీ రంగారావు గారినే సాక్ష్యానికి పిలిచాను. విశాఖలో నాటకాలాడారు. ‘సాక్షి’ నించి ‘స్వర్ణకమలం’ దాకా, ఆ తర్వాతా, వందల సినిమాల్లో వేశారు. చివరికి ‘కన్యాశుల్కం’ ఆడుతూ వేదిక మీదే కుప్పకూలిపోయారు. 2005 జూన్ 27న కన్నుమూశారు. ఇంతకంటే రుజువేం కావాలి అనుకునేవాణ్ణి.

టీ చల్లారిపోయింది. ఇంటికొచ్చి, కుర్రాడు జరిపేసిన ముక్కలన్నీ నేను చూశాను. చూస్తుంటే నా పాతికేళ్లప్పటి సంగతి గుర్తొచ్చింది.

పరిషత్తు పోటీలకని ఒక నాటకం తయారుచేస్తున్నాం. ఆఫీసు కథ. నాది బంట్రోతు వేషం, మాటలు మూడే. ఆఫీసరు గుమాస్తాని రెండు పేజీల పొడుగునా తిడుతుంటే నేను ఫైలు పట్టుకుని నిలబడాలి. గొంతు బాగుందని పేరున్నవాణ్ణి కనక ఆ మూడు మాటలూ ఊరి చివరికి వినబడేలా సాధన చేశాను. మా గురువుగారు వారం రోజులు ఏమీ అనలేదు. ఎనిమిదో రోజున రిహార్సల్ ఆపించి, “నువ్వు వినట్లేదు నాయనా. నీ మాట ఎప్పుడొస్తుందా అని కాచుకుని ఉన్నావు. రేపట్నించి ఇక్కడికి రాకు, రామచంద్రపురం వెళ్లి తాలూకా ఆఫీసు వరండాలో కూర్చో” అన్నారు.

వెళ్లి నాలుగు రోజులు కూర్చున్నాను. అర్జీలు పట్టుకున్న రైతుల మధ్య బల్ల మీద ఇంత చోటు దొరికేది. మొదటి రోజు ఏమీ కనబడలేదు. రెండో రోజు గమనించాను, అక్కడి బంట్రోతు అధికారి ముఖంలోకి చూడడు. ఆయన కుడి చేతిని చూస్తాడు. గంట మోగకముందే, చెయ్యి గంట వైపు కదలగానే ఇతని భుజం లేస్తుంది. లోపల అరుపులు వినబడితే వరండాలో అందరూ అటు తిరుగుతారు, ఇతనొక్కడే నేల చూస్తాడు. తిట్లు తిన్న గుమాస్తా బయటికొచ్చాక ఏమీ జరగనట్టు మంచినీళ్ల గ్లాసు అందిస్తాడు.

నాటకం రోజున ఫైలు పట్టుకుని ఆఫీసరు చేతినే చూశాను. ఆ చెయ్యి గంట వైపు వెళ్లింది, నా భుజం లేచింది. ముందు వరసలో ఎవరో పెద్దాయన “అదీ!” అన్నారు. నా మూడు మాటలూ నేనెలా చెప్పానో ఇప్పుడు గుర్తులేదు. ఆ “అదీ” ఇంకా చెవిలో ఉంది.

ఇన్నేళ్లూ ఈ సంగతి నాటకం గొప్పతనానికి ఉదాహరణగా చెప్పుకొచ్చాను. ఈ వారం, అదే సంగతి నాకు ఎదురు తిరిగింది. ఆ భుజం ఎత్తడం నాకు నేర్పింది నాటకం కాదు, తాలూకా ఆఫీసు. మా గురువుగారు చేసిన మేలల్లా నన్ను స్టేజీ మీంచి దింపి అక్కడికి పంపడం.

రంగారావు గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో స్టెనోగ్రాఫర్. ఈ ముక్కని ఇదివరకు ఎన్నిసార్లు రాశానో, రాసిన ప్రతిసారీ దాటేసి నాటకాల దగ్గరికి పరిగెత్తాను. స్టెనో పనేమిటి? ఎదుటివాడు మాట్లాడుతుంటే వినడం. తన మాట ఒక్కటీ కలపకుండా, తడబాటుతో సహా విని పట్టుకోవడం. ఆయన ఏ సినిమా అయినా తీసి, పక్కవాడు మాట్లాడుతున్నప్పుడు ఆయన్ని చూడండి. తన వంతు కోసం కాచుకున్న మనిషిలా ఒక్కచోటా కనబడరు. ఆ వినికిడి ఆఫీసులోనే కుదిరిందని నాకు గట్టిగా అనిపిస్తోంది. ‘శంకరాభరణం’ సోమయాజులు గారు డిప్యూటీ కలెక్టరు. కోట శ్రీనివాసరావు గారు స్టేట్ బ్యాంకు ఉద్యోగి. వీళ్లందరికీ నాటకం సాయంత్రాల్లో. పగలంతా మనుషులు ఎదురుగా వచ్చి నిలబడేవారు.

టీవీ గురించీ తప్పే అనుకున్నాను. మన గోదావరి వైపు రాచపల్లిలో పుట్టిన రాళ్లపల్లి గారు నాటకాల నించి సినిమాకి, అక్కణ్ణించి దూరదర్శన్ ‘గణపతి’కి వెళితే, దిగువకి వెళ్లారని బాధపడ్డాను. టీవీలో మనిషి ముఖం మన ముఖమంతే ఉంటుంది. గొంతు పెంచనక్కర్లేదు. వినడం తెలిసిన నటుడికి అంతకంటే దగ్గరి చోటు ఏముంది?

ఆదివారం నేను నాటకం నేర్పే కుర్రాళ్లకి కొత్త నాటకంలో వేషాలు పంచాలి. సాయంత్రం ఆరింటికి వచ్చి గొంతు సాధన చెయ్యాలని కబురు పెట్టి ఉన్నాను. ఆ కబురు మార్చేశాను. కరణం వేసేవాడు సోమవారం నించి రిజిస్ట్రారు ఆఫీసు బయట కూర్చోవాలి, పోస్టుమేన్ వేసేవాడు పోస్టాఫీసు దగ్గర. మాటల కాగితాలు వారం తర్వాత ఇస్తాను.