స్వతంత్ర లఘుచిత్రం – స్థలసత్యం : యాగంటి ఆధారంగా ఒక పరిశీలన

తెలుగు స్వతంత్ర లఘుచిత్రాలను గురించిన చర్చ సాధారణంగా వాటి దర్శకులు తరువాత ఎక్కడికి చేరారన్న విషయం చుట్టూనే తిరుగుతుంది. ఇందుకు కారణం లేకపోలేదు. తరుణ్ భాస్కర్ 48 గంటల చిత్రనిర్మాణ పోటీకి తీసిన ‘అనుకోకుండా’ ఆయనకు గుర్తింపు తెచ్చింది. 2016లో ఆయన దర్శకత్వంలో వచ్చిన ‘పెళ్లిచూపులు’ ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. ఇది చెప్పుకోదగిన విజయమే. అయితే ఈ దృష్టితో చూసినప్పుడు లఘుచిత్రం ఒక మెట్టుగా మిగులుతుందే తప్ప ప్రక్రియగా నిలబడదు.

కథానిక విషయంలో తెలుగు విమర్శ ఈ పొరపాటు చేయలేదు. 1910 నాటి గురజాడ ‘దిద్దుబాటు’ను గాని, కేతు విశ్వనాథరెడ్డి కథలను గాని రాబోయే నవలకు సాధనగా ఎవరూ పరిగణించరు. క్లుప్తత అక్కడ లోపం కాదు, నిర్మాణసూత్రం. లఘుచిత్రానికీ ఇదే కొలమానం వర్తింపజేస్తే అడగవలసిన ప్రశ్న మారుతుంది. తక్కువ ధనం, తక్కువ నిడివి, కొత్త నటులు అనే పరిమితులు పెద్ద చిత్రం చేయలేని ఏ పనిని సాధ్యం చేస్తున్నాయి?

ఈ ప్రశ్నను పరీక్షించడానికి నంద్యాల జిల్లాలోని యాగంటి తగిన స్థలం. బనగానపల్లెకు సమీపంలో, ఎర్రమల కొండల నడుమ వెలసిన ఉమామహేశ్వర క్షేత్రమిది. సహజ గుహలు, పుష్కరిణి, చుట్టూ నిలువుగా లేచిన రాతిగోడలు కెమెరాను సులభంగా ఆకర్షిస్తాయి. ప్రమాదమూ అక్కడే ఉంది. ‘సమరసింహారెడ్డి’ (1999), ‘ఇంద్ర’ (2002) వంటి చిత్రాల విజయం తరువాత సీమలోని కొండ, బండ, ఎర్రదుమ్ము వేటకొడవలికి నేపథ్యాలుగా స్థిరపడిపోయాయి. ఆ దృశ్యభాష స్వతంత్రంగా తీసేవారిని కూడా అంత తేలికగా వదలదు. డ్రోన్ అద్దెకు దొరికే కాలంలో కొండను పైనుంచి చూపడం సులభం. కొండ కింద బతుకుతున్న మనిషి దగ్గర ఆగడమే కష్టం.

స్థలసత్యం దృశ్యంలో కంటే శబ్దంలో త్వరగా బయటపడుతుంది. అగస్త్యుని శాపం వల్ల యాగంటిలో కాకులు తిరగవని స్థానికుల విశ్వాసం. తెలుగు తెరపై పల్లె తెల్లవారిందని చెప్పడానికి కోడికూత, కాకి అరుపు దాదాపు తప్పనిసరి సంకేతాలు. సిద్ధంగా ఉన్న ధ్వనుల నుంచి ఒకటి తీసి కూర్పు సమయంలో అతికించడం పరిపాటి. యాగంటి ఉదయానికి కూడా అదే అరుపును అతికిస్తే ఆ ప్రాంతపు ప్రేక్షకునికి చిత్రం మొదటి నిమిషంలోనే అబద్ధమైపోతుంది. అక్కడ వినవలసినది నంది నోటి నుంచి పుష్కరిణిలోకి పడే నీటిధార, గుహల మెట్లపై యాత్రికుల అడుగుల చప్పుడు. వీటిని పట్టుకోవడానికి ఖరీదైన కెమెరా అక్కరలేదు. ఒక మంచి మైకు, జనం రాకముందే అక్కడికి చేరే ఓపిక చాలు. చిన్న బృందాలు ఉన్న కాస్త డబ్బునూ కెమెరా మీద పెట్టి, శబ్దాన్ని చివరి పనిగా వదిలేయడం ఆర్థిక సమస్యగా కనిపించినా నిజానికి అది అభిరుచి సమస్య. ఆలయ అనుమతులు, గుహల్లోని చీకటి, కార్తీకమాసపు రద్దీ వంటి ఇబ్బందులు వాస్తవమే గాని, వాటికి ముందస్తు ప్రణాళికతో కొంత పరిష్కారం ఉంది.

కాలాన్ని చూపడం ఇంతకంటే జటిలం. యాగంటి బసవన్న ఏటేటా పెరుగుతున్నాడని, కలియుగాంతాన లేచి రంకె వేస్తాడని జనం నమ్ముతారు. వీరబ్రహ్మంగారి కాలజ్ఞాన సంప్రదాయం ఆ నమ్మకాన్ని పెంచి పోషించింది. విగ్రహం పెరగడం వల్ల ప్రదక్షిణకు చోటు చాలక ఒక స్తంభాన్ని తొలగించారని కూడా చెబుతారు. కంటికి కనిపించని ఈ పెరుగుదలను కంప్యూటర్ మాయతో చూపితే నమ్మకం వింతగా దిగజారుతుంది. రాతికీ స్తంభానికీ మధ్య ఒదిగి నడిచే ఒక వృద్ధుని భుజాన్ని చూపితే అది అనుభవమవుతుంది. ఇదే జిల్లాలోని ఆళ్లగడ్డ విగ్రహాలు చెక్కే శిల్పులకు ప్రసిద్ధి. అక్కడ రాయి తరుగుతూ దేవుడవుతుంది. ఇక్కడ దేవుడైన రాయి పెరుగుతోందని నమ్మకం. ఈ రెంటినీ పక్కపక్కన నిలిపితే పది నిమిషాల చిత్రానికి సంభాషణ కూడా అవసరం ఉండదు.

సంభాషణ ఉన్నచోట యాస ముఖ్యం. ఇది లఘుచిత్రం కాకపోయినా ప్రవీణ్ కండ్రేగుల ‘సినిమా బండి’ (2021) ఇక్కడ పనికివచ్చే ఉదాహరణ. ఆటోలో ఎవరో మరచిపోయిన కెమెరాతో ఊరివాళ్లే సినిమా తీయబూనడం అందులోని కథ. పెళ్లి ఫొటోలు తీసేవాడు ఛాయాగ్రాహకుడవుతాడు, కూరగాయలమ్మే అమ్మాయి కథానాయిక అవుతుంది. ఆంధ్ర–కర్ణాటక సరిహద్దు తెలుగును హాస్యపు సరుకుగా కాక మనుషుల సహజభాషగా వినిపించడం ఆ చిత్రపు ప్రధాన బలం. సీమ యాసను ప్రతినాయకునికీ, హాస్యపాత్రకూ పరిమితం చేసిన అలవాటును స్వతంత్ర చిత్రం వదిలించుకోగలదు. ప్రసిద్ధ నటుని ఉచ్చారణకు లొంగవలసిన అవసరం దానికి లేదు. బనగానపల్లె సంతలో మాట్లాడే మనిషినే తెరమీదికి తేగల స్వేచ్ఛ ముందు పురస్కారాలు చిన్నవే.

ఇటువంటి చిత్రాలను పోల్చి చూడాలంటే అవి అందుబాటులో ఉండాలి. కథానికకు పత్రికల పాత సంచికలు మిగిలాయి. కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో స్థాపించిన కథానిలయం ఉంది. యూట్యూబులో వెలువడే లఘుచిత్రం ఆ ఛానెల్ మూతపడితే తానూ కనుమరుగవుతుంది. ఏ చిత్రం ఏ ఊరిలో, ఏ యాసలో, ఎవరి శ్రమతో రూపొందిందో నమోదు చేసే పని విశ్వవిద్యాలయ తెలుగు శాఖల పరిధికి బయటిదేమీ కాదు.