తెగువ

ఉరవకొండ బస్టాండు దగ్గర ఈ వారం ఒక ఫ్లెక్సీ కట్టారు. కండువా వేసుకున్న కుర్రవాడు, పక్కన వేటకొడవలి, పైన ఎర్రక్షరాల్లో ‘సీమ తెగువ’. ఒళ్లు మండింది. నా పేచీ పాతదే: 1999లో ‘సమరసింహారెడ్డి’ సినిమా వచ్చిన కాడినుంచీ మన మాటల్ని కొడవళ్లకు తగిలిస్తూనే ఉన్నారు.

తెగువ ‘తెగు’లోంచి పుట్టింది. మన దగ్గర తాడు తెగుతుంది, చెరువు తెగుతుంది, పంచాయితీ తెగుతుంది. చెనిక్కాయ బస్తాల కాడ పొద్దుగూకులూ నిలబడినా ధర కుదరకపోతే ‘బేరం తెగల్యా’ అని లేస్తాం. మనసులో అటూ ఇటూ లాగే పీకులాట ఒకచోట తెగిపోవడమే తెగువ. ఇందులో కొడవలి ఎక్కడుంది? అది కావాలంటే సంస్కృతం సాహసాన్ని అడగాలి. మనుస్మృతిలో సాహసం మెచ్చుకోలు మాట కాదు, బలప్రయోగంతో చేసే నేరాల పద్దు. బళ్లారి దిక్కుపోతే కన్నడంలో ‘ఎదెగారికె’ అంటారు, ఎదలోని బలం అని. మనవాళ్లు బలం ఊసే ఎత్తలేదు. నిర్ణయం జరిగిందా లేదా అన్నదే చూశారు. అందుకే ఈ మాటంటే నాకు ప్రాణం.

మరి ఈ మాట ఎవరికి చెందాలి? రైతుకే అని రాద్దామని కూర్చున్నాను. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ ఎప్పుడొస్తుందో తెలియని నేల. ముంగారులో ఒక్క పదును దొరికితే చాలు, అప్పు తెచ్చిన విత్తనాన్ని గొర్రులో పోసి మట్టిలో కలిపేస్తాడు. కథకుడు సింగమనేని నారాయణ గారు సేద్యం కథకు ‘జూదం’ అని పేరు పెట్టింది ఊరికే కాదు.

బెళుగుప్ప దిక్కున ఒక పెద్దమ్మతో ఈ మాటే అన్నాను. ‘మీ తెగువకు దండం పెట్టాలమ్మా’ అని. ఆమెకు నచ్చలేదు.

‘తెగువ యాడిది నాయనా? ఇత్తకపోతే పాతబాకీ అడుగుతారు, ఇత్తితే కొత్తది ఇస్తారు. అందుకే ఇత్తేది.’

దారిలేక చేసే పనిలో నిర్ణయమే లేదు. తెగడానికి అక్కడ రెండో దారి ఉండాలి కదా. వేదికలెక్కి రైతు గుండెధైర్యాన్ని పొగిడేవాళ్లకు తెగువ అనే మాట చాలా సుళువుగా దొరుకుతోంది. హంద్రీ-నీవా కాలువ నీళ్లు జీడిపల్లి జలాశయానికి 2012లోనే వచ్చాయి. పిల్లకాలువలు చేలదాకా రాక ఏళ్లు గడిచాయి. నీళ్లివ్వాల్సిన చోట బిరుదు ఇస్తే అది పొగడ్త కాదు, బాకీ ఎగ్గొట్టడం. కొడవలి మీద నాకున్న కోపం ఈ పొగడ్త మీదా ఉంది.

అయితే ఆ పెద్దమ్మ ఇంట్లోనే తెగువ ఉంది, ఆమె దాన్ని ఆ పేరుతో పిలవదు. ఈ తూరి సగం చేన్లో చెనిక్కాయ వద్దని మొగుడితో, కొడుకుతో కొట్లాడి కొర్ర, కంది వేయించింది. ఊరంతా చెనిక్కాయ ఇత్తుతుంటే తానొక్కతే వద్దనడం మాటలా? కంపెనీ సరుకు కాదు, పండితే కొనేవాడు ఎవడని కొడుకు అడిగాడట.

‘కొనకపోతే వండుకుంటాం. ఇత్తనం ఇంట్లోది, ఆ సగానికి ఎవనికీ బాకీ లేము’ అందామె.