స్పీకరు మోటారు నిర్మాణ విద్య

స్పీకరు కొనవచ్చినవాడు దానిని వెనుకకు త్రిప్పి, అయస్కాంతపు బరువును చేతితో అంచనా కట్టి, బరువైనదే బలమైనదని నిశ్చయించుకొనుట బజారులో కనబడు ఆచారము. అది బొత్తిగా వ్యర్థమైన పరీక్ష కాదు గాని, కోన్‌ను కదలించు బలము పుట్టునది ఆ అయస్కాంతము మీది ఇనుప పలకకును నడిమి ఇనుప స్తంభమునకును మధ్యనున్న, కొద్ది మిల్లీమీటర్ల వలయాకారపు సందులోనే. ఆ సందులో ఆడునది కోన్‌కు అతికిన తీగచుట్ట, అనగా వాయిస్ కాయిల్; ఇవన్నియు కలిసినదే స్పీకరు మోటారు.

అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన రైస్, కెలాగ్ అనువారు 1925లో ప్రకటించిన నిర్మాణమే నేటి స్పీకర్లకు ఒరవడి. ఆనాడు విద్యుదయస్కాంతములు వాడిరి. పిమ్మట ఆల్నికో, ఫెర్రైట్, నియోడిమియం వరుసగా వచ్చినను సూత్రము మారలేదు. క్షేత్రబలము, సందులోని తీగ పొడవు, విద్యుత్ప్రవాహము, ఈ మూటి లబ్ధమే కోన్‌ను నెట్టు తోపు.

మంద్రస్వరములకు దిగుకొలది కష్టము హెచ్చును. మోత ఒకే స్థాయిలో నిలువవలెనన్నచో, 80 హెర్ట్జుల వద్ద ఒక మిల్లీమీటరు కదలిన కోన్ 40 వద్ద నాలుగు, 20 వద్ద పదునారు మిల్లీమీటర్లు కదలవలయును. అంతదూరము సాగిన వాయిస్ కాయిల్ సందును వీడినచో తోపు క్షీణించి, మద్దెల మోత ముద్దయైపోవును. దీనికి నిర్మాతలు రెండు ఉపాయములు పన్నిరి. మొదటిది, 8 మిల్లీమీటర్ల ఎత్తుగల సందులో 24 మిల్లీమీటర్ల పొడవైన కాయిల్‌ను ఆడించినచో, అటునిటు 8 మిల్లీమీటర్ల వరకు సందు తీగతో నిండియే యుండును. చవుకైన పద్ధతియే, కాని మూడింట రెండు వంతుల తీగ ఏ క్షణమునను తోపునకు అక్కరకు రాక బరువును వేడిని మాత్రము చేర్చును. పొట్టి కాయిల్‌ను ఎత్తైన సందులో ఆడించుట రెండవది. తీగయంతయు పనిచేయును గాని, అంత సందును క్షేత్రముతో నింపుటకు పెద్ద అయస్కాంతము, దళసరి ఇనుము కావలెను. నా మనస్సు రెండవదాని వైపే మొగ్గును. కొనువారి సొమ్ము మొదటిదాని వైపు.

ఇంతకన్న సూక్ష్మమైన దోషమొకటి కలదు. కాయిల్‌లోని ప్రవాహము తానును ఒక అయస్కాంతమగుటచే, స్థిరముగా నుండవలసిన క్షేత్రము పాటతోపాటు ఊగిసలాడును. నడిమి స్తంభమునకు రాగి ఉంగరము తొడిగినచో, ఆ మార్పే దానిలో ఎదురు ప్రవాహమును పుట్టించి ఊగిసలాటను అణచును. ఏ తీగయు తగిలింపకయే, కదలక మెదలక పనిచేయు ఈ ఉంగరమును ఈ విద్యలోని చమత్కారములలో అగ్రగణ్యముగా నెంచుదును.

లోనికి పోయిన విద్యుచ్ఛక్తిలో శబ్దమగునది సాధారణముగా నూటికి ఒకటి రెండు పాళ్ళు, సబ్‌వూఫర్లలో అంతకన్న తక్కువ; శేషమంతయు వేడియే. కాయిల్ వేడి 150 డిగ్రీలు పెరిగినచో రాగి నిరోధము సుమారు 60 శాతము హెచ్చును. అప్పుడు ఆంప్లిఫయరు గొంతు పెంచినను మోత అందుకు తగినట్లు పెరుగదు, కాయిల్ మాత్రము కాలును. కాలినదానిని తీసి క్రొత్తది అమర్చునప్పుడు మరమ్మతుదారు స్తంభము చుట్టును సన్నని ఫిల్ము పట్టీలు దోపి, కాయిల్ ఏ వైపునకు ఒరగకుండ నిలిపి, బంక ఆరిన పిమ్మట వానిని లాగివేయును. తీగ మందమును చుట్ల సంఖ్యయు పాతదానితో సరిపోలనిచో ఎంత చక్కగా నిలిపినను తోపు వేరగును. స్పీకరు మ్రోగును గాని, పాత మోటారును బట్టి నిర్ణయించిన దాని డబ్బా కొలతలు ఆ క్రొత్త మోటారునకు పొసగవు.